చలికాలం ముందు పాత గార్డెన్ ట్రాక్టర్: పోయకుండానే ఆయిల్ పెరిగింది, ఎందుకు?

ప్రశ్న:
మా గార్డెన్ ట్రాక్టర్ బాగా పాతదండీ. ఒకే సిలిండర్, పెట్రోల్ ఇంజిన్. చోక్ లాగి ఉంచితే బాగానే నడుస్తుంది, వదిలేస్తే వేగం ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతుంది. మంచు పడకముందే కవర్ కప్పి షెడ్డులో పెట్టేద్దామని ఆయిల్ చూస్తే పై గీత దాటి ఉంది. నేనేమీ పోయలేదు. ఇలాగే పెట్టేయొచ్చా?

జవాబు:
వద్దండీ. స్టార్ట్ కూడా చేయకండి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ కొడుతూ, ఆయిల్ వేళ్ల మధ్య పట్టు లేకుండా పల్చగా జారిందంటే కార్బురేటర్‌లో పెట్రోల్ రాకను ఆపే నీడిల్ వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. ట్యాంకు ఎత్తులో ఉన్న బండ్లలో ఇంజిన్ ఆగి ఉన్నా పెట్రోల్ బొట్టుబొట్టుగా సిలిండర్‌లోకి దిగి, రింగుల పక్క నుంచి ఆయిల్‌లో కలుస్తుంది. ఆ పల్చని ఆయిల్‌తో తిప్పితే బేరింగులు, కనెక్టింగ్ రాడ్డు అరిగిపోతాయి. మంచి ఇంజిన్ ఇంత చిన్న వాల్వ్ వల్ల పోతే బాధగా ఉంటుంది.

చోక్ వేస్తేనే నడుస్తోందంటే జెట్ (పెట్రోల్ వచ్చే సన్నని రంధ్రం) కూడా పూడుకుపోయి పెట్రోల్ చాలడం లేదు. రెండు రోగాలూ ఒకే కార్బురేటర్‌లోనివి, కాబట్టి ఒక్కసారి విప్పితే చాలు. ఇంజిన్ చల్లారాక, ఆరుబయట, పెట్రోల్ కాక్ (పెట్రోల్ ఆపే కుళాయి) కట్టేసి విప్పండి. కాక్ లేకపోతే ట్యాంకు ఖాళీ చేయండి, తర్వాత ఒక కాక్ పెట్టించండి. జెట్‌లో ఇనుప తీగ గుచ్చకండి, రంధ్రం పెద్దదవుతుంది. కార్బ్ క్లీనర్ కొట్టి ఊదండి. నీడిల్ మొన చుట్టూ ఉంగరంలా గీత పడి ఉంటే కొత్తది వేయండి. ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చాకే స్టార్ట్ చేయండి.

అడిగినవారు:
మీరు చెప్పినట్టే మొన మీద గీత ఉంది. మార్చాను. ఇప్పుడు చోక్ లేకుండా నిలకడగా నడుస్తోంది, చాలా థాంక్సండీ. మరి ట్యాంకులో పెట్రోల్, బ్యాటరీ సంగతి?

జవాబు:
పెట్రోల్ పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలపాలంటే తాజా పెట్రోల్‌లోనే కలిపి, అది కార్బురేటర్ దాకా చేరేలా పది నిమిషాలు నడపాలి. మీ బండికైతే నేను ఖాళీ చేయమనే అంటాను. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలవుంటే జెట్ మళ్లీ పూడుతుంది. ట్యాంకు ఖాళీ చేశాక ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి, కార్బురేటర్ కింద ఉండే ఫ్లోట్ గిన్నెలో అడుగున మిగిలింది కూడా వంపేయండి.

మరొకరు:
బ్యాటరీ గురించి నేను చెబుతాను. నెగటివ్ వైరు ముందు విప్పండి, బిగించేటప్పుడు అదే చివర. ఫుల్ ఛార్జ్‌లో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 దాకా చూపిస్తుంది, అది గట్టి చలికి కూడా గడ్డకట్టదు. పూర్తిగా డౌన్ అయినదైతే సున్నాకి కొన్ని డిగ్రీల కిందకే గడ్డకట్టి పగులుతుంది. పొడి చోట పెట్టి నెలకోసారి ఛార్జ్ చూడండి.

ప్లగ్గు వైరు పీకేశాకే డెక్కు (గడ్డి కోసే బ్లేడు మీది రేకు) కిందకు చెయ్యి పెట్టండి. అక్కడ అతుక్కున్న గడ్డి తేమ పట్టి రేకును తినేస్తుంది, మొత్తం గీకేయండి. ఇంజిన్ పైన ఫ్యాన్ కవర్ కూడా ఒకసారి విప్పి చూడండి. ఎలుకలు ఇంజిన్‌ను చల్లబరిచే ఫిన్ల మీదే గూడు కడతాయి, గాలి ఆడక ఇంజిన్ వేడెక్కిపోతుంది. ఇప్పుడు శుభ్రం చేసినా వసంతంలో మొదటిసారి స్టార్ట్ చేసే ముందు మళ్లీ చూడాల్సిందే.