కరెంటు లేని క్యాంప్‌గ్రౌండ్‌లో ట్రైలర్ బ్యాటరీ తెల్లవారేదాకా నిలవడం లేదు: ఏం చేయాలి?

ప్రశ్న (దారిబత్తెం)

అందరికీ నమస్కారం. మేము ఫీనిక్స్‌లో ఉంటాము. పోయిన ఏడాది 22 అడుగుల ట్రావెల్ ట్రైలర్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాము. ఇంతవరకు కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఉన్న ఆర్‌వీ పార్కుల్లోనే దిగుతూ వచ్చాము కనుక బ్యాటరీ సంగతి పట్టించుకోవలసిన అవసరం రాలేదు. ఈ అక్టోబరులో తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్నలను గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌కు తీసుకువెళ్లాలనుకున్నప్పుడు, హుక్-అప్‌లు (అంటే ఆ కనెక్షన్లు) ఉండే ట్రైలర్ విలేజ్‌లో చోటు దొరకక, మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు రాత్రులకు బుక్ చేశాను. అక్కడ హుక్-అప్‌లు ఉండవని తెలిసినా, బ్యాటరీ ఉంది కదా అని ధీమాగా బయలుదేరాను.

ఆ చోటు దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉండడంతో పొద్దు వాలగానే చలి పట్టుకుంది. ట్రైలర్‌ను వేడిచేసే ఫర్నేసును 68 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పెట్టి పడుకున్నాము. నాన్నగారికి స్లీప్ యాప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోతూ ఉండే జబ్బు) ఉన్నందువల్ల, మాస్కు ద్వారా గాలి తోసే సీప్యాప్ యంత్రం లేనిదే నిద్ర పట్టదు. దానిని 2,000 వాట్ల ఇన్వర్టరుకు తగిలించాను. తెల్లవారుజామున మూడున్నరకు సీప్యాప్ చప్పుడు ఆగిపోవడంతో నాకు మెలకువ వచ్చింది. ఫర్నేసు ఫ్యాను ఈసురోమంటూ తిరుగుతోంది గాని అందులోంచి చల్లగాలే వస్తోంది. నాన్నగారు మంచం అంచున కూర్చుని ఉన్నారు. అమ్మ శాలువా చుట్టుకుని, "స్టౌ వెలిగించరా, గది కాస్త వేడెక్కుతుంది" అంది. అది భయమనిపించి, అందరమూ ట్రక్కులో హీటరు వేసుకుని తెల్లవారేదాకా కూర్చున్నాము. రెండో రాత్రి ఉండకుండానే వెనక్కు వచ్చేశాము.

ట్రైలర్ ముందు భాగాన, ట్రక్కుకు తగిలించే టంగ్ మీద, గ్రూప్ 24 లెడ్ యాసిడ్ డీప్ సైకిల్ బ్యాటరీ ఒక్కటే ఉంది. 80 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఆంపియర్లు × గంటలు) అని దాని మీద రాసి ఉంది. సాయంత్రం మేము దిగినప్పుడు గోడ మీది ప్యానెల్‌లో నాలుగు లైట్లూ వెలిగాయి, అంటే బ్యాటరీ నిండుగానే ఉందనుకోవాలి కదా. ఫ్రిజ్‌ను ప్రొపేన్ మీద నడిపాము. లైట్లన్నీ ఎల్ఈడీలే. మడిచి పెట్టుకునే 100 వాట్ల సోలార్ ప్యానెల్ కూడా ఒకటి ఉంది.

అమ్మానాన్నలు డిసెంబరులో తిరిగి వెళ్లేలోగా, థాంక్స్‌గివింగ్ సెలవుల్లో మళ్లీ ఒకసారి వెళ్లాలని ఉంది. ఇంకో రెండు ప్యానెళ్లు కొనాలా, జనరేటరు కొనాలా, లేక లిథియం బ్యాటరీకి మారాలా? మరో చిన్న మాట: అమ్మకు మిక్సీ కూడా కావాలి.

సమాధానం (పాత మీటరు)

దారిబత్తెం గారూ, ఏదైనా కొనే ముందు ఆ రాత్రి ఏం ఖర్చయిందో కాగితం మీద వేసి చూడండి. మీరు చెప్పిన వివరాలతో నేను వేసిన లెక్క ఇది.

ఫర్నేసు మండేది ప్రొపేన్‌తోనే అయినా, దాని ఫ్యాను 12 వోల్టుల మీద సుమారు 8 ఆంపియర్లు లాగుతుంది. సాయంత్రం ఆరున్నర నుంచి మూడున్నర దాకా తొమ్మిది గంటల్లో అది మూడో వంతు సమయం తిరిగిందనుకున్నా 24 ఏహెచ్ అవుతుంది. సీప్యాప్‌లో హ్యూమిడిఫయరు, వేడి గొట్టం రెండూ వేసి ఉంటే ఇన్వర్టరు ద్వారా గంటకు నాలుగు ఏహెచ్ వంతున ఐదు గంటలకు 20. రెండు వేల వాట్ల ఇన్వర్టరు ఏ పనీ చేయకపోయినా, ఊరికే ఆన్‌లో ఉన్నందుకే గంటకు ఒక ఏహెచ్ తినేస్తుంది కనుక అది ఇంకో పది. గ్యాస్ డిటెక్టరు, ఫ్రిజ్ కంట్రోల్ బోర్డు, స్టీరియో గడియారం లాంటి, మనకు కనిపించని వాడకం మరో ఐదు. లైట్లు, నీళ్ల పంపు కలిపి నాలుగు. అంతా కలిపితే 63 అయింది. మీ 80 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీని దాని ఆయుష్షు దెబ్బతినకుండా వాడుకోవాలంటే సగం వరకే, అంటే 40 వరకే తీయాలి. పైగా నీరు గడ్డకట్టేంత చలిలో లెడ్ యాసిడ్ బ్యాటరీ తన సామర్థ్యంలో దాదాపు ఐదో వంతు పోగొట్టుకుంటుంది. కాబట్టి మీరు దానిని అడుగంటా పిండేశారు.

నాలుగు లైట్లను నమ్మకండి. అవి వోల్టేజీని మాత్రమే చూస్తాయి. ఫీనిక్స్ నుంచి నాలుగు గంటలు ట్రక్కు నుంచి ఛార్జింగ్ అందుతూ వచ్చిన బ్యాటరీ, లోపల సగమే నిండి ఉన్నా పైకి మాత్రం నిండుగా కనిపిస్తుంది. లోడు అంతా తీసేసి కొన్ని గంటలు ఆగిన తరువాత మల్టీమీటరుతో చూస్తే 12.6 లేదా 12.7 వోల్టులు ఉంటే నిండినట్టు, 12.2 ఉంటే సగానికి వచ్చినట్టు. అంతకంటే మంచిది షంట్ (కరెంటును కొలవడానికి తీగ దారిలో పెట్టే చిన్న పరికరం)తో పనిచేసే బ్యాటరీ మానిటరు. ఎంత లోపలికి వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది అన్నది అది ఏహెచ్‌లలో లెక్క కడుతుంది. నన్నడిగితే మీ మొదటి ఖర్చు దీని మీదే పెట్టండి.

ఫ్యాను తిరుగుతూ చల్లగాలి ఎందుకు వచ్చిందో కూడా చెబుతాను. ఫర్నేసులో సెయిల్ స్విచ్ అని పల్చని రేకు ఒకటి ఉంటుంది. ఫ్యాను గాలి తగినంత వేగంగా తోస్తేనే ఆ రేకు కదిలి, గ్యాస్ వదలడానికి అనుమతి ఇస్తుంది. వోల్టేజీ పడిపోయి ఫ్యాను నెమ్మదిస్తే రేకు కదలదు, మంట వెలగదు. ఈలోగా ఆ ఫ్యానే మిగిలిన కాస్త కరెంటునూ తాగేస్తుంది.

అమ్మగారు చెప్పినట్టు స్టౌ వెలిగించకపోవడం చాలా మంచిదైంది. మూసిన ట్రైలర్‌లో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. పైగా గ్యాస్ డిటెక్టరు నడిచేది ఆ బ్యాటరీ మీదే కాబట్టి, సరిగ్గా ఆ సమయానికి మిమ్మల్ని హెచ్చరించే స్థితిలో అది కూడా ఉండి ఉండదు.

సమాధానం (ఎడారిపిట్ట)

పై లెక్కతో నాకు పేచీ లేదు, కాని ఒక మాట కలపాలి. ఆ బ్యాటరీ అసలు నిండుగా బయలుదేరిందా? మీరు ట్రైలర్‌ను కరెంటు లేని స్టోరేజీ లాట్‌లో పెడుతూ ఉంటే, రెండు నెలల్లో ఆ డిటెక్టరు ఒక్కటే దానిని పూర్తిగా ఖాళీ చేయగలదు. ఏడు పిన్నుల ప్లగ్ ద్వారా ట్రక్కు నుంచి వచ్చేది పేరుకే ఛార్జింగ్. అంత పొడవైన సన్నని తీగలో వోల్టేజీ పడిపోయి, కొద్ది ఆంపియర్లే బ్యాటరీకి చేరతాయి. నాకూ మొదట్లో ఇదే అనుభవమైంది. న్యూ మెక్సికోలో దిగేసరికి నిండిందనుకున్న బ్యాటరీ 12.1 చూపించింది. ఆ తరువాత ట్రక్కు ఇంజనుతో కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు నుంచి విడిగా లావుపాటి తీగ లాగించి, పడిపోయిన వోల్టేజీని పెంచి అందించే 20 ఆంపియర్ల డీసీ-టు-డీసీ ఛార్జరు పెట్టించాను. నాలుగు గంటల ప్రయాణంలో 80 ఏహెచ్ దాకా చేరుతోంది. మీలాగా రెండు రాత్రులుండి ముందుకు కదిలేవారికి నా దృష్టిలో సోలార్ కంటే ఇదే ఎక్కువ పనికివస్తుంది.

లిథియం గురించి: లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 100 ఏహెచ్ బ్యాటరీలో దాదాపు మొత్తం వాడుకోవచ్చు, బరువు లెడ్ యాసిడ్‌లో సగం కూడా ఉండదు, ధరలు కూడా బాగా దిగివచ్చాయి. కాని సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నప్పుడు దానిని ఛార్జ్ చేయకూడదు. చేస్తే సెల్స్ శాశ్వతంగా పాడవుతాయి. మంచి బ్యాటరీల్లో ఆ చలికి ఛార్జింగ్‌ను ఆపేసే రక్షణ లోపలే ఉంటుంది, కొన్నింటిలో వేడిచేసే పొర కూడా ఉంటుంది. మీ బ్యాటరీ పెట్టె టంగ్ మీద బయట ఉంది కనుక, నవంబరు ఉదయం సోలార్ ప్యానెల్ మీద ఎండ పడుతున్నా బ్యాటరీ ఛార్జింగ్ తీసుకోక మొండికేయవచ్చు. దానిని లోపల మంచం కింద పెట్టే వీలుంటే లిథియం తీసుకోండి. పాత ట్రైలర్ కాబట్టి అందులోని కన్వర్టరుకు (బయటి కరెంటుతో బ్యాటరీని ఛార్జ్ చేసే పెట్టె) లిథియంకు తగిన ఛార్జింగ్ పద్ధతి ఉందో లేదో కూడా చూసుకోవాలి. చాలా పాత కన్వర్టర్లు 13.6 వోల్టుల దగ్గరే ఆగిపోతాయి. ఈ బ్యాటరీలు పూర్తిగా నిండడానికి 14.4 దాకా కావాలి.

నాన్నగారి సీప్యాప్‌కు అసలు ఇన్వర్టరు ఎందుకండీ? ఆ యంత్రం తయారుచేసేవారే 12 వోల్టుల సాకెట్టుకు తగిలించే డీసీ అడాప్టరు అమ్ముతారు. హ్యూమిడిఫయరు, వేడి గొట్టం ఆపవచ్చునేమో డాక్టరుగారిని అడగండి. అవి ఆపితే వాడకం మూడో వంతుకు పడిపోవచ్చు.

సమాధానం (పొన్నచెట్టు)

సోలార్, జనరేటరు, మిక్సీ, ఈ మూడింటి గురించే రాస్తాను.

మంచి వేసవి ఎండలో, సూర్యుడికి ఎదురుగా తిప్పిన 100 వాట్ల ప్యానెల్ రోజుకు 25 నుంచి 30 ఏహెచ్ ఇస్తుంది. మేథర్‌లో మీ చుట్టూ పాండెరోసా పైన్ చెట్లు ఉంటాయి, నవంబరులో పొద్దు వాలుగా ఉంటుంది, పగలు చిన్నది. నీడ ప్యానెల్‌లో ఒక మూల పడినా ఉత్పత్తి బాగా తగ్గిపోతుంది. అక్కడ మూడు ప్యానెళ్లు ఉన్నా రోజుకు రెండు మూడు సార్లు లేచి ఎండ వెంట వాటిని జరుపుకుంటూ ఉండవలసిందే. అందుకు మీ నాన్నగారికి ఓపిక ఉంటే ఆయనకు మంచి కాలక్షేపం.

జనరేటరును నేషనల్ పార్కుల్లో ఎప్పుడు పడితే అప్పుడు నడపనివ్వరు. ఉదయం, సాయంత్రం నిర్ణీత వేళలు ఉంటాయి, 50 అడుగుల దూరంలో చప్పుడు 60 డెసిబెల్స్ దాటకూడదన్న నిబంధన కూడా ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకు ఇంజను శక్తి సుమారు మూడున్నర శాతం తగ్గుతుంది, కాబట్టి 1,800 వాట్ల జనరేటరు అక్కడ 1,350 దగ్గర ఆగిపోతుందనుకోండి. ఛార్జింగ్‌కు ఉదయపు వేళే మంచిది. ఖాళీగా ఉన్న బ్యాటరీ మొదటి గంటల్లో జోరుగా తీసుకుంటుంది. 80 శాతం దాటాక చుక్క చుక్కగా తాగుతుంది. ఆ చివరి 20 శాతం కోసం పెట్రోలు తగలెయ్యకుండా, దానిని సోలార్‌కు వదిలేయండి.

750 వాట్ల మిక్సీని ఇన్వర్టరు మీద తిప్పితే బ్యాటరీ నుంచి 70 ఆంపియర్లు పోతాయి. నాలుగు నిమిషాలే కాబట్టి మొత్తం ఖర్చు ఐదు ఏహెచ్ కూడా కాదు, కాని బలహీనంగా ఉన్న బ్యాటరీ ఆ ఊపుకే చతికిలబడుతుంది. మా ఇంట్లో అల్లం పచ్చడి, కొబ్బరి పచ్చడి ముందే రుబ్బి డబ్బాల్లో గడ్డకట్టించి తీసుకువెళతాము. అవే ఫ్రిజ్‌కు ఐసు గడ్డల్లా కూడా పనికివస్తాయి. అన్నానికి ప్రొపేన్ స్టౌ మీద కుక్కరు ఉండనే ఉంది.

ప్రశ్న అడిగినవారు (దారిబత్తెం)

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే ఈ శనివారం కొలిచి చూశాను. ఇన్వర్టరు ఆన్‌లో ఉంచి మిగిలినవన్నీ ఆపితే క్లాంప్ మీటరు 1.5 ఆంపియర్లు చూపించింది. ఇన్వర్టరు ఆపితే 0.4 అయింది. స్టోరేజీ లాట్‌లో కరెంటు లేదన్న ఊహ కూడా నిజమే. బ్యాటరీని విడదీసే స్విచ్ ఒకటి ఉందని నాకు ఇప్పటిదాకా తెలియదు. మెట్టు పక్కన చిన్న మూత కింద దొరికింది.

అసలు సంగతి బయటపెట్టింది మాత్రం నాన్నగారు. తెనాలిలో కరెంటు కోతల రోజుల నుంచి మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది, దాని ట్యూబులర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోయడం ఆయన పనే. నేను మీటరు పట్టుకుని తిరుగుతూ ఉంటే, ఆయన మూతలు విప్పి టార్చి వేసి చూసి, "ఇందులో ప్లేట్లు నీళ్ల పైకి తేలి ఉన్నాయిరా, ఎన్నాళ్లయింది నీళ్లు పోసి?" అని అడిగారు. నేను ఎప్పుడూ పోయలేదు. నీళ్లు పోసి, ఒక రోజంతా ఛార్జ్ చేసి, యాసిడ్ సాంద్రతను కొలిచే హైడ్రోమీటరుతో చూస్తే ఐదు సెల్స్‌లో 1.255 వచ్చింది, ఆరోదానిలో 1.190 దగ్గర ఆగిపోయింది.

ఫర్నేసును 58 దగ్గర పెట్టి, వేడినీళ్ల సంచులు, మందపాటి రగ్గులతో పడుకోవడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు. సీప్యాప్‌కు డీసీ అడాప్టరు ఆర్డరు చేశాను. ఇక బ్యాటరీ మాత్రమే తేలాలి.

సమాధానం (పాత మీటరు)

సెల్స్ మధ్య 0.050 కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

మీ బ్యాటరీ పెట్టె బయటే ఉంటుందంటే, ఈ చలికాలానికి ఆరు వోల్టుల గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు రెండు తీసుకుని సిరీస్‌లో కలపండి. 220 ఏహెచ్ వరకు వస్తుంది, అందులో 110 నిర్భయంగా వాడుకోవచ్చు. మీరు చెప్పిన మార్పులతో రోజుకు 50 చాలు కనుక రెండు రాత్రులు సోలార్ లేకపోయినా గడుస్తాయి. రెండూ కలిపి 55 కిలోలకు పైగా ఉంటాయి, ఆ బరువంతా టంగ్ మీదే పడుతుంది కాబట్టి ట్రక్కు వెనక ట్రైలర్‌ను తగిలించే హిచ్‌కు ఎంత బరువు పనికివస్తుందో ఒకసారి సరిచూసుకోండి. అవి గ్రూప్ 24 కంటే ఎత్తు కూడా. పాత పెట్టె మూత పట్టదు. ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు కలిపే తీగ లావుగా ఉండాలి. బయటికి వెళ్లే ప్లస్ తీగకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించండి. బయలుదేరే ముందు రోజు రాత్రంతా ఇంటి కరెంటుకు తగిలించి ఉంచి, ఉదయం హైడ్రోమీటరుతో ఆరు సెల్స్‌నూ చూసిన తరువాతే ట్రక్కుకు తగిలించండి.