నకజిమ, నకజిమా, నకాజిమ: ఈ ఆటవెలది ఎవరికైనా గుర్తుందా?

పాతడైరీ: మా హాస్టల్ గోడ మీద ఎవరో బొగ్గుతో రాసిన పద్యం. "జోరువానలోన నకజిమ యొక్కడే" అన్న పాదమొక్కటే మిగిలింది. 1989లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగిన ఫార్ములా వన్ కార్ల రేసు మీద, అందులో జపాన్ డ్రైవర్ సతోరు నకజిమ మీదని తెలుసు. తక్కిన మూడు పాదాలు కావాలి.

గణపాఠి: యతిలో పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు కుదరాలి. జో-కీ న-కీ మైత్రి ఎప్పట్నుంచి? "నాటి వానలోన" అయ్యుండాలి.

పాతడైరీ: అవునండీ, "నాటి"యే! గోడ కళ్ళముందుకొచ్చింది.

కావ్య: యతి సరే. పేరు నకాజిమా కదా?

గణపాఠి: లఘువు తర్వాత గురువుతో మొదలయ్యే గణం ఆటవెలదిలో ఉందామ్మా?

కావ్య: "న"ని ముందు గణం చివరికి తోస్తే "కాజిమ" భగణం (గురువు, రెండు లఘువులు) కాదూ?

గణపాఠి: తొయ్యి. యతి "కా" మీద పడుతుంది. "నాటి" తీసేసి "కాటి" పెట్టుకో.

లంకబాబు: జపాన్‌లో నాలుగూ హ్రస్వాలే, నాలుగు మాత్రలు. కాబట్టి నలం, నాలుగు లఘువుల గణం. "మా" మన పత్రికలు తగిలించిన దీర్ఘం. ఆ మాటకొస్తే హోండా కూడా అక్కడ "హొన్ద"యే. ఇంకో సంగతి: నక అంటే నడుమ, షిమ అంటే ద్వీపం. కలిస్తే ష జ అయింది, మన సంధుల్లో పరుషం సరళమయ్యే సరళాదేశంలా. మా కోనసీమలో పుడితే ఆయన ఇంటిపేరు నడిలంక.

గణపాఠి: సరళాదేశానికి ముందు ద్రుతం, అంటే నకారం, ఉండాలి బాబూ. "నక"లో ఏదీ?

లంకబాబు: న మొదట్లోనే ఉందిగా గురువుగారూ :)

సుళువరి: ఛందస్సు వదిలి "ఒక్కడే" సంగతి చూడండి. ఆ రోజు గెలిచింది బూట్‌సెన్. నానిని, పత్రేసే తర్వాత ఈయన నాలుగు. ఒక్కడెలా అవుతాడు?

లంకబాబు: 23వ స్థానం నుంచి వచ్చి, ఆ వానలో ఫాస్టెస్ట్ ల్యాప్ కొట్టింది ఒక్కడే. ప్రోస్ట్ ఒక ల్యాపుకే కారు ఆపేశాడు. సెన్నా నీటి తుంపరలో బ్రండిల్ కారును వెనకనుంచి గుద్దాడు.

పాతడైరీ: నా ఊహ వేరు. 1987లో లోటస్ జట్టుకి హోండా ఇంజన్ వచ్చింది, దానితో 34 ఏళ్ళ నకజిమ వచ్చాడు. జపాన్ ఫార్ములా టూలో అయిదుసార్లు ఛాంపియన్ అయినా ఇక్కడ "ఇంజన్‌తో వచ్చిన డ్రైవర్" అన్నారు. ఆ ఏడు సిల్వర్‌స్టోన్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంటే, మొదటి నాలుగు కార్లూ హోండావే, గొప్ప ఇంజన్‌దే అయింది. 1989లో లోటస్‌కి హోండా లేదు, జడ్ ఇంజన్. అదే నాలుగో స్థానం. "ఒక్కడే" అంటే హోండా లేకుండా అని!

సుళువరి: ఇది బాగుంది. ఒప్పుకోను గానీ బాగుంది.

కావ్య: 1991లో నకజిమ ఆఖరి రేసూ అడిలైడే, వానే. 14 ల్యాపులకే ఆపేశారు, ఈయన అప్పటికే బయట. "నాటి" అన్నది ఆ రోజేమో?

గణపాఠి: శ్లేష వెతకడానికి శ్రీనాథుడి సీసమా ఇది? ఆటవెలదిలో చెప్పింది చెప్పినట్టుంటుంది. వేమన్నని చూడండి.

సుళువరి: వేమన్నంత లోతు ఎవరికుందండీ? పైకి సులువు, అంతే.

లంకబాబు: రెండో పాదం నేనిస్తా. "వెనుక నుండి వచ్చె విజయ మనగ".

సుళువరి: నాలుగో స్థానం విజయమా?

లంకబాబు: అయితే "వేగిరముగ". యతీ చెడదు.

పాతడైరీ: రెండో పాదంలో "లోటసు" ఉన్నట్టు లీలగా గుర్తు.

గణపాఠి: లోటసు భగణం. రెండో పాదంలో అన్నీ సూర్యగణాలే, భగణానికి చోటు లేదు. మీది మూడో పాదం.

కావ్య: "లోట" దగ్గర విరిచి "సు"ని తర్వాతి గణంలోకి తొయ్యొచ్చుగా గురువుగారూ?