1994 టెన్త్ బ్యాచ్: మిగతావాళ్లను వెతికేదెలా?

తార్నాక94: రెండు సెక్షన్లు, 84 మంది. 31 నంబర్లే దొరికాయి, అందులో అమ్మాయిలవి రెండే. డిసెంబర్‌లో కలవాలని అనుకుంటున్నాం. ఎక్కడ మొదలెట్టాలి?

చాయ్‌బిస్కట్: ముందు పేర్ల జాబితా. హెడ్‌మాస్టర్‌కి లెటర్ ఇచ్చి అడ్మిషన్ రిజిస్టర్‌లోని పేర్లు మాత్రమే అడగండి. చిరునామాలు అడగొద్దు, ఇవ్వకపోవడమే న్యాయం కూడా. షీట్‌లో పూర్తి పేరు, ఇంటిపేరు, అప్పుడున్న బస్తీ, ఎవరు వెతుకుతున్నారు అని నాలుగు కాలమ్స్ చాలు. చివరిది లేకపోతే ఒకరినే ఐదుగురు వెతుకుతారు, ఇంకొకరిని ఎవరూ వెతకరు.

మల్కాజ్‌గిరి అక్క: అమ్మాయిలు దొరకనిది ఇంటిపేరు మారడం వల్లే. అన్నదమ్ముల పేర్లతో వెతకండి, అవి మారవు. ఫేస్‌బుక్‌లో స్పెల్లింగ్ మార్చి చూడండి: లక్ష్మిని కొందరు ‘కెఎస్‌హెచ్’తో రాస్తారు, మన దగ్గర చాలామంది ‘ఎక్స్’తో. దొరికినా ఆ అన్నయ్యని నంబర్ అడక్కండి, మీ నంబర్ ఇచ్చి ఆమెకు చెప్పమనండి. మొదటి ఫోన్ ఆడవాళ్లలో ఎవరైనా చేస్తే మేలు.

చాయ్‌బిస్కట్: అవును. వాట్సాప్ గ్రూప్‌లోకి చెప్పకుండా లాగేస్తే సగం మంది ఆ రాత్రే ఎగ్జిట్. లింక్ పంపండి, అడ్మిన్ అప్రూవల్ ఆన్‌లో ఉంచండి. కొత్తవాళ్లని క్లాస్ టీచర్ పేరు అడగండి, క్లాస్‌మేట్‌నంటూ డబ్బులడిగే మోసగాళ్లు ఉంటారు.

ఉప్పల్ బావ: డేట్ క్రిస్మస్ తర్వాతి ఆదివారం పెట్టండి. ధనుర్మాసం కాబట్టి పెళ్లి ముహూర్తాలుండవు, ఫంక్షన్ హాల్ తేలిగ్గా దొరుకుతుంది. అమెరికావాళ్లకీ సెలవులు. సంక్రాంతి వారం వద్దు, ఊరు సగం ఖాళీ.