111 జీవో పోవాల్నా, ఉండాల్నా? 84 ఊళ్లోళ్లు మాట్లాడుండ్రి

మొయినాబాద్ పోరడు
పొద్దున్నుంచి మా ఊరి వాట్సాప్ గ్రూపుల ఇదే లొల్లి. అక్కడ తిట్లు తప్ప మాట లేదు, అందుకే ఇక్కడ పెడుతున్న.

తెల్వనోళ్ల కోసం నాలుగు ముక్కలు. పట్నానికి నీళ్లిచ్చే గండిపేట (ఉస్మాన్‌సాగర్), హిమాయత్‌సాగర్ చెరువుల నీళ్లు ఖరాబ్ కావొద్దని 1996 మార్చిల సర్కారు జీవో 111 ఇచ్చింది. చెరువుల ఫుల్ ట్యాంక్ లెవల్ నుంచి పది కిలోమీటర్ల దాకా నీళ్లు ఖరాబ్ చేసే ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, కాలనీలు బంద్. మొత్తం 84 ఊళ్లు, 1.32 లక్షల ఎకరాలు. 2022 ఏప్రిల్‌ల జీవో 69 తెచ్చి ఆంక్షలు తీసేస్తున్నమన్నరు. నీళ్లు చెడొద్దని షరతు పెట్టి, పద్ధతులు తేల్చమని సీఎస్ (సర్కారు ప్రధాన కార్యదర్శి) కింద కమిటీ వేసిండ్రు. 2023 మేల కేబినెట్ మొత్తానికే రద్దు అన్నది. మా ఊళ్ల పటాకలు కాల్చిండ్రు. కానీ ఆ మాట అమలుకు రాలె, ఇయ్యాల్టికీ మా సర్వే నంబర్ చెప్తే బ్యాంకోడు లోన్ ఫైల్ పక్కకు పెడతడు.

కోకాపేటల అదే సర్కారు 2023 ఆగస్టుల ఎకరం 100.75 కోట్ల దాకా వేలం పాడింది. అక్కడ్నుంచి మా ఊరు కారుల ఎంత దూరం? మా నాయిన భూమికి మాత్రం పట్నం నీళ్ల పేరు మీద తాళం. తాళం వేసినోడు కిరాయన్న కట్టాలె గదా? ముప్పై ఏండ్లల్ల మా ఊరికి ఒక్క రూపాయి పరిహారం రాలె. నా మాట ఒక్కటే, జీవో పోవాలె.

మోకిల విల్లా
మీ కష్టం కాదనను తమ్ముడూ. కానీ ఎత్తేశాక ఏమవుతుందో చూడాలంటే ఓసారి మా వైపు రండి. మాది గుంటూరు, ఐదారేళ్లుగా మోకిలలో ఉంటున్నాం. బ్రోచర్‌లో క్లబ్‌హౌస్, ఈతకొలను, ‘24 గంటల నీళ్లు’ అని వేశారు. ఏప్రిల్ వచ్చేసరికి బోర్లు చేతులెత్తేస్తాయి. పొద్దున ఆరింటికి గేటు దగ్గర మంచినీళ్ల ట్యాంకర్ల లైను. రాత్రి పదకొండు దాటాక ఇంకో రకం ట్యాంకరు వస్తుంది, మురుగు ఎత్తుకెళ్లడానికి. ఎస్‌టీపీ (మురుగు శుద్ధి చేసే ప్లాంటు) ఉంది, కానీ సగం ఇళ్లు నిండేసరికే దాని పని అయిపోయింది. ఆ ట్యాంకరు ఎక్కడ ఒంపుతుందండీ అని మీటింగులో అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. మా మురుగు చెరువులోకి పోతోందో లేదో నాకు తెలియదు. మీ ఊళ్లలో ఇలాంటి కమ్యూనిటీలు వందొస్తే ఎటు పోతుందో మాత్రం ఊహించగలను.

మొయినాబాద్ పోరడు
అంటే మీరు లోపలికొచ్చినంక గేటు వేయాలె. గంతేనా అన్నా?

మోకిల విల్లా
అలా అనుకుంటే అనుకోండి. నీళ్లు కొనుక్కుంటున్నవాడిని కాబట్టి చెబుతున్నా.

గజాల లెక్క
నేను రియల్ ఎస్టేట్‌లోనే ఉన్నా, దాచడానికేం లేదు. ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. 111 ఉన్నా అమ్మకాలు ఎన్నడు ఆగినయ్? వ్యవసాయ భూమిని గుంటల్లో కోసి అమ్ముతున్నారు. గుంట అంటే 121 గజాలు, ఐదు గుంటలు 605 గజాలు. చుట్టూ ప్రహరీ, నాలుగు మామిడి మొక్కలు, మధ్యలో కంటైనర్ ఇల్లు, దానికి ‘ఫామ్ ప్లాట్’ అని పేరు. రోడ్డు వెడల్పు ఎంతుండాలని అడిగేవాడు లేడు, పార్కు వదలమనేవాడు లేడు, డ్రైనేజీ ఊసే లేదు. మురుగుకు ఒక గుంత, వెనకాల ఒక బోరు. ఆ రెంటి మధ్య దూరం ఒక్కోచోట చూస్తే భయమేస్తుంది.

జీవో తీసేసి పద్ధతిగా లేఅవుట్లు ఇస్తే కనీసం రోడ్లు, ఓపెన్ స్పేస్, మురుగు లైను వస్తాయి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మర్రిచెట్ల కోసం కేసులు నడిచినా పని ఆగేది కాదని అందరికీ తెలుసు. రోడ్డు వచ్చాక జనం వస్తారు. వాళ్లు లెక్కలో రావాలా, లెక్క లేకుండా రావాలా?

ఇంకోటి, సిటీ ఇప్పుడు తాగేది చాలావరకు కృష్ణా, గోదావరి నీళ్లే. గండిపేట నీళ్ల గొప్ప చెప్పుకునే కాలం పోయింది.

పాత ఇరిగేషన్ ఉద్యోగి
రెండు విషయాలు మనవి చేస్తాను.

గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టింది ముందుగా దాహం తీర్చడానికి కాదు, వరద ఆపడానికి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఒకదాని నిల్వ 3.9 టీఎంసీలు, రెండోది దాదాపు 3. తాగునీళ్ల అవసరం తీరిపోయిందని వాదించవచ్చు. వరద అవసరం ఎలా తీరుతుంది? అనంతగిరి కొండల్లో పడ్డ వాన పొలాల్లో ఇంకుతూ, కుంటల్లో ఆగుతూ వస్తే జలాశయానికి చేరడానికి వ్యవధి పడుతుంది. అదే వాన పైకప్పుల మీద, సీసీ రోడ్ల మీద పడితే గంటల్లో మీదికొస్తుంది. గేట్ల దగ్గర కూర్చున్నవాడికి ఆలోచించుకునే గడువే తగ్గిపోతుంది. జలాశయం నిండుగా ఉంటే గేట్లు ఎత్తడం తప్ప వేరే దారి ఉండదు.

రెండోది ఖర్చు. గండిపేట నీళ్లు వాలు మీద నగరంలోకి వస్తాయి. కృష్ణా నీళ్లను నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లను ఎల్లంపల్లి నుంచి పంపులు పెట్టి ఎత్తిపోయాలి. ఆ కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో ‘కాలం పోయింది’ అన్నవారు చెప్పాలి.

మూసీ ఒడ్డు
సార్ చెప్పినది మేం చూసినం. 2020 అక్టోబర్‌ల చూసినం, 2025 సెప్టెంబర్‌ల రాత్రికి రాత్రే ఎంజీబీఎస్ బస్టాండ్లకు నీళ్లొచ్చినయ్. ‘గేట్లు ఎత్తిండ్రు’ అన్న మాట వినబడ్డదంటే మా గల్లీల ముందు సర్టిఫికెట్ల కవర్ వెతుకుతరు, తర్వాత బియ్యం సంచి. మీరు మీద కాలనీలు కట్టుకుంటే కింద మునిగేది మేము. 84 ఊళ్ల చర్చల మా ఊసు ఎవ్వరు తియ్యరు.

మొయినాబాద్ పోరడు
అక్కా, మీ బాధ నిజమే. మూసీ ఒడ్డు పొంటి నదిల దాకా కట్టింది మా ఊరోళ్లు కాదు గదా. పట్నమోళ్లు పట్నంల నదిని మింగి, దానికి బదలా మమ్మల్ని పొలం దున్నుకోమంటుండ్రు. పది కిలోమీటర్ల గీత కూడా ఎట్ల గీసిండ్రో చూడుండ్రి. నీళ్లు వాలు చూసుకొని పారుతయ్, స్కేలు చూసుకొని కాదు.

పాత ఇరిగేషన్ ఉద్యోగి
గీత విషయంలో అబ్బాయి మాటలో పస ఉంది. పరీవాహకం వేరు, వ్యాసార్థం వేరు. కానీ దానికి మందు గీత సరిచేయడం, చెరిపేయడం కాదు. కోర్టు సంగతి కూడా మరవకండి. షంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీకి ప్రభుత్వమే మినహాయింపు ఇస్తే, 2000 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపు చెల్లదంది. ముప్పు రుజువయ్యేదాకా ఆగనక్కర్లేదు, ముందే జాగ్రత్త పడాలి అన్నది ఆ తీర్పు సారం. జీవో తీసేయడం కలం పోటుతో అయ్యే పని అనుకుంటే పొరపాటు.

గజాల లెక్క
సార్, ఫ్యాక్టరీ వేరు, ఇండ్లు వేరు. 111లోనే రెసిడెన్షియల్ జోన్‌లో ఇండ్లకు వీలుంది. లేఅవుట్‌లో 60 శాతం ఖాళీ స్థలాలకు, రోడ్లకు వదలాలి, ఎఫ్‌ఎస్‌ఐ (స్థలంతో పోలిస్తే అన్ని అంతస్తుల కట్టడం విస్తీర్ణం) 0.5 దాటొద్దు. ఈ ముక్క ఎవరూ చదవరు. ఆ రూలునే ఉంచి, డ్రైనేజీ కలిపి, గట్టిగా అమలు చేస్తే నాకూ అభ్యంతరం లేదు. అమలు చేయరు, అదీ రోగం.

మోకిల విల్లా
అమలు చేయలేనివాళ్ల చేతికి ఇంకా పెద్ద తాళంచెవి ఇద్దామంటున్నారా? హుస్సేన్‌సాగర్ కూడా ఒకప్పుడు తాగునీళ్ల చెరువేనండీ.

చామంతి తోట
చాలాసేపటి నుంచి చదువుతున్న. భూమి ఉన్నోళ్లు మాట్లాడిండ్రు, కొన్నోళ్లు మాట్లాడిండ్రు, అమ్మేటోళ్లు మాట్లాడిండ్రు. కౌలుకు చేసేటోళ్ల మాట ఎవ్వరు ఎత్తలె.

మా అమ్మ, నాయిన శంకర్‌పల్లి దిక్కు రెండెకరాలు కౌలుకు పట్టి చామంతి, బంతి వేస్తరు, ఓ మూలకు కొత్తిమీర. పొద్దుగూకే యాళ్లకు పూలు తెంపి, గంపల మీద తడి గోనెసంచి కప్పి పెడతరు. రాత్రి రెండు సార్లు లేచి దానిమీద నీళ్లు చల్లాలె, లేకుంటే తెల్లారేసరికి రేకులు వాడిపోతయ్. ఇంకా చీకటి ఉండంగనే ట్రాలీ ఆటో వస్తది, నాలుగైదు ఇండ్ల గంపలు కలిపి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు. బతుకమ్మ ముందర కిలోకు మంచి ధర. శూన్య మాసంల ఆటో కిరాయి ఎల్లుడే కష్టం.

భూమి ఓనర్ సారు అమెరికాల ఉంటడు, మంచోడే, ఏడాదికోసారి వచ్చి ఫొటోలు దిగుతడు. ఎకరానికి 12 వేల రైతుభరోసా ఆయన ఖాతాల పడ్తది. జీవో ఉంటే ఆయన ఫామ్‌హౌస్ కడతడు, పోతే విల్లాలకు ఇస్తడు. రెండిట్లనూ మేం గంపలు సదురుకొని పోవుడే. ‘రైతులకు న్యాయం’ అంటున్న తమ్ముడు, ఏ రైతుకో కొంచెం చెప్పాలె.

మొయినాబాద్ పోరడు
అక్కా, దీనికి నా దగ్గర జవాబు లేదు. మా ఊళ్ల కూడా సగం భూమి ఎప్పుడో చేతులు మారింది. ఇంకా మిగిలిన మా అసోంటోళ్ల కోసమే నా కొట్లాట.

ప్లానింగ్ చదివినది
ఇద్దరికీ పనికొచ్చే దారి ఒకటుంది, టీడీఆర్, అంటే నిర్మాణ హక్కు బదిలీ. మొయినాబాద్ రైతు తన భూమిని సాగులోనే ఉంచుతానని రాసిస్తాడు. బదులుగా అంత నిర్మాణ హక్కు సర్టిఫికెట్ రూపంలో తీసుకొని సిటీ బిల్డరుకు అమ్ముకుంటాడు. బిల్డరు సిటీలో అదనపు అంతస్తు వేసుకుంటాడు. హైదరాబాద్‌లో రోడ్ల కింద భూమి పోయినవాళ్లకు ఈ సర్టిఫికెట్లు ఇప్పటికే ఇస్తున్నారు. దీన్ని 84 ఊళ్లకు చాచడమే.

గజాల లెక్క
చెప్పడానికి బాగుంది మేడమ్. కొనేవాడెవడు? హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐకి పరిమితే లేదు. రోడ్డు వెడల్పు ఉండి సెట్‌బ్యాక్ (చుట్టూ ఖాళీ జాగా) వదిలితే నలభై అంతస్తులు ఊరికే లేస్తాయి. ఉత్తగా దొరికేదాన్ని రైతు దగ్గర డబ్బు పెట్టి కొనమంటే బిల్డరుకేం పిచ్చా? టీడీఆర్ కూడా ఎక్కువగా ఒకటి రెండు అంతస్తుల కోసమే కొంటూ వచ్చారు. ఇక లక్ష ఎకరాల కాగితం మార్కెట్లో పడితే ధర చిత్తుకాగితమే.

ప్లానింగ్ చదివినది
నేను చెప్పబోయేది సరిగ్గా అదే. ముందు సిటీలో పరిమితి పెట్టాలి, దాన్ని దాటాలనుకున్నవాడు ఈ ఊళ్ల హక్కు కొనాలి. రైతు చేతిలో కాగితానికి విలువ వచ్చేది అప్పుడే. పరిమితి పెడతామంటే మొదట అడ్డం పడేది ఎవరో మీకు బాగా తెలుసు.

గజాల లెక్క
తెలుసు. మా అసోసియేషన్‌లో ఈ మాటంటే నాకు టీ కూడా పొయ్యరు.

మొయినాబాద్ పోరడు
అంటే మా ఊరి తాళం కోకాపేట బిల్డరు చేతుల ఉన్నదన్నట్టు. మంచిదే, గట్లైతే జీవో ఉన్నా నేను ఒప్పుకుంట, ఏటా పైసలు రావాలె. ఒకటే షరతు. ముందు ఏ సర్వే నంబర్ నీళ్లు చెరువుల పడ్తయో, ఏది పడదో మ్యాప్ ఊరూరికి గోడ మీద అతికియ్యాలె. పడనోళ్లను ఇడిసిపెట్టాలె.

పాత ఇరిగేషన్ ఉద్యోగి
కాంటూరు (నేల ఎత్తుపల్లాల) మ్యాపు, గ్రామ నక్షా ఒకదానిమీద ఒకటి పెడితే తేలిపోయే విషయం. సాంకేతికంగా కష్టమేమీ కాదు. ఇన్నేళ్లు ఎందుకు పెట్టలేదన్నది సాంకేతిక ప్రశ్న కాదు.

చామంతి తోట
పైసలు ఇచ్చిననాడు పట్టా చూసే ఇస్తరు గదా. పాత పహాణీల అనుభవదారు, అంటే భూమి దున్నేటోడు, అని ఒక కాలమ్ ఉండె, మా తాత పేరు అండ్లనే ఎక్కింది. భూమి రికార్డులు ధరణి పోర్టల్‌ల ఎక్కించినప్పుడు అది తీసేసిండ్రు. చామంతి వేసేటోళ్ల పేరు ఏ కాలమ్‌ల రాస్తరు?

మూసీ ఒడ్డు
కరెక్ట్ అడిగినవ్ చెల్లె.

డాలస్ బాబాయ్
పైవన్నీ చదవలేదు, టైమ్ లేదు. చిలుకూరు దగ్గర్లో క్లియర్ టైటిల్ ఉన్న అరెకరం ఎవరిదైనా ఉంటే మెసేజ్ పెట్టండి. కౌలు గొడవలు లేనిదైతే బెటర్.

మొయినాబాద్ పోరడు
చదివి రా బాబాయ్. ఆగుతం.