అప్‌డేట్: రాగి సగటు పరమాణు భారం లెక్క కుదిరింది

మొన్న అడిగాను కదా, రాగి ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) భారాలు 62.93, 64.93 కలిపి సగం చేస్తే 63.93 వస్తోంది, పుస్తకంలో 63.55 ఉంది, తప్పెక్కడ అని. సగం చేయడమే తప్పట. మన పలాసలో ఏడు కిలోల గుండు జీడిపప్పులో మూడు కిలోల బద్ద కలిపితే సగటు ధర గుండు వైపే మొగ్గుతుంది కదా, ఇదీ అంతే అని ఒక అన్నయ్య చెప్పగానే వెలిగింది.

ప్రకృతిలో దొరికే రాగిలో తేలిక ఐసోటోపు 69.15 శాతం, బరువైనది 30.85 శాతం. 62.93ను 0.6915తో గుణిస్తే 43.516. 64.93ను 0.3085తో గుణిస్తే 20.031. మొత్తం 63.547! మొదట శాతాన్ని వందతో భాగించడం మరిచిపోయి, ఆరువేల పైచిలుకు వచ్చేసరికి టెన్షన్ పడ్డాను. జవాబు ఆ రెండు భారాల మధ్యే ఉండాలి, అది చూసుకోండి.

రాత్రి అమ్మమ్మ బుడితి ఇత్తడి చెంబు చేతిలోకి తీసుకుని చూశాను. అందులోని రాగి పరమాణువుల్లో ఒక్కటి కూడా 63.55 ఉండదు. అన్నయ్యా, చాలా థాంక్స్.