పోచంపల్లి చీరల పేజీని చూసేవారు పెరిగారు, కొనేవారు పెరగలేదు: ఏం చేయాలి?

ప్రశ్న (రాసినవారు: చేనేత ఇంటికోడలు)

అందరికీ నమస్కారం. మాది భూదాన్ పోచంపల్లి దగ్గరి ఒక పల్లె. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. మామయ్యగారు, మావారు నేస్తారు. చిట్కీ కట్టడం (రంగు అంటకూడని చోట దారాన్ని బిగించి కట్టడం), రంగులద్దడం ఇంటిల్లిపాదీ కలిసి చేసుకుంటాం. ఒక మగ్గం మీద మాస్టర్ వీవర్ (నూలు, డిజైన్ ఇచ్చి కూలికి నేయించుకునే వ్యాపారి) ఇచ్చిన నూలుతో కూలికి నేస్తుండగా, రెండోదాని మీద సొంతంగా నేసిన పట్టు చీరలను నేరుగా అమ్ముకోవాలన్న ఉద్దేశంతో నేను నిరుడు ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచాను.

అత్తయ్యగారు ఆసు పోస్తుండగా (మేకుల వరుస చుట్టూ దారాన్ని తిప్పుతుండగా) తీసిన రీల్‌ను చాలామంది చూశారు, పేజీని అనుసరించేవారు కూడా బాగా పెరిగారు. అయితే ధర అడిగినవారు జవాబు చెప్పగానే మౌనం వహిస్తున్నారు. కొందరు తొమ్మిది వందల రూపాయల ప్రింట్ చీర ఫొటో పంపి, ఇదే డిజైన్‌కు మీరు పదివేలు ఎందుకు అడుగుతున్నారని నిలదీస్తున్నారు. నెలకు ఇంత అని తీసుకుని పేజీ నడిపిపెడతామంటూ ఒక ఏజెన్సీ వారు కూడా ఫోన్ చేశారు. ప్రకటనలకు డబ్బు పెట్టడం మంచిదా, ముందు సరిచేసుకోవలసినది ఇంకేమైనా ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (రాసినవారు: ప్రచారం పనిలో ఉన్నవాడు, హైదరాబాద్)

అమ్మా, ఆసు రీల్ చూసినవారిలో ఎక్కువమంది ఆ పనిని చూసి ఆనందించడానికి వచ్చినవారే తప్ప చీర కోసం వచ్చినవారు కారు. అందులో తప్పేమీ లేదు, కానీ ఆ సంఖ్యను చూసి గిరాకీని అంచనా వేయకూడదు. మీ ఖాతాను బిజినెస్ ఖాతాగా మార్చుకుంటే ఇన్‌సైట్స్‌లో ఏ పోస్టును ఎంతమంది దాచుకున్నారో, ఎంతమంది ఇతరులకు పంపారో, మీ పేజీని అనుసరించేవారు ఏ నగరాలవారో కనిపిస్తుంది. చీర నచ్చిన మనిషి లైక్ కొట్టి ఊరుకోదు. దాచుకుంటుంది, లేదంటే అక్కకో వదినకో పంపుతుంది. మీరు గమనించవలసినవి ఆ రెండు అంకెలే.

ధరను పోస్టులోనే రాయండి. ‘ధర కోసం ఇన్‌బాక్స్‌కు రండి’ అంటే మనిషిని బట్టి ధర చెబుతారేమోనన్న అనుమానం కలుగుతుంది, పైగా కొనే స్తోమత లేనివారికి రోజంతా జవాబులు చెప్పవలసి వస్తుంది. ప్రొఫైల్‌లో పేరు రాసే చోట ఇంటిపేరు ఒక్కటే పెట్టకుండా ‘పోచంపల్లి ఇక్కత్ పట్టు చీరలు’ అన్న మాటలను కూడా చేర్చండి. వెతికేవారికి మీ ఇంటిపేరు తెలియదు, పోచంపల్లి మాత్రమే తెలుసు.

అమ్మకం సాగేది మాత్రం వాట్సాప్‌లోనే. మామూలు వాట్సాప్‌కు బదులు వాట్సాప్ బిజినెస్ పెట్టుకుంటే చీరలను ధరలతో సహా కేటలాగ్‌లో ఉంచవచ్చు. ఎవరు అడిగి వదిలేశారో, ఎవరు డబ్బు కట్టారో లేబుళ్లతో వేరుచేసుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చవచ్చు కానీ, మీ నంబరును ఫోన్‌లో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. అందుకని చీర కొన్న ప్రతి ఒక్కరినీ నంబరు దాచుకోమని అడగండి. చాలామంది ఈ చిన్న సంగతి తెలియక, సందేశాలు పంపుతున్నా స్పందన లేదని అనుకుంటూ ఉంటారు.

ప్రకటనల విషయానికి వస్తే, మీకున్నది సొంత నేతకు ఒకే మగ్గం. ఒక పడుగు (నిలువు దారాల వరుస) ఎక్కిస్తే ఆ నమూనాలో కొన్ని చీరలే వస్తాయి, తరువాతి పడుగుకు మళ్లీ చిట్కీ నుంచి మొదలుపెట్టాలి. రేపటికల్లా యాభై మంది అదే చీర కావాలంటే మీరు ఇవ్వలేరు, ఇవ్వలేనప్పుడు ఆ ప్రచారం వల్ల చెడ్డపేరే మిగులుతుంది. కాబట్టి ప్రచారాన్ని మగ్గానికి తగ్గట్టుగా నడపండి. పడుగు ఎక్కిన రోజున నమూనా, రంగులు, వచ్చే చీరల సంఖ్య చెప్పి బుకింగ్ తెరవండి, అవి నిండగానే మూసేయండి. అప్పటికీ చీరలు మిగిలితేనే ప్రకటన ఇవ్వండి. డబ్బు కట్టి రీల్‌ను ఎక్కువమందికి చూపడానికి దాని కింద కనిపించే బూస్ట్ మీట నొక్కేటప్పుడు, లక్ష్యంగా దేన్ని ఎంచుకున్నామో చూసుకోకపోతే చూపులే పెరుగుతాయి. సందేశాలు రావడమే లక్ష్యంగా ఎంచుకుని, నొక్కగానే వాట్సాప్ తెరుచుకునేలా పెట్టి, మీ కొనుగోలుదారులున్న ఒకటి రెండు నగరాలకే పరిమితం చేసి, చిన్న మొత్తంతో ప్రయత్నించండి. శ్రావణ మాసానికి ముందు, పెళ్లి ముహూర్తాలు దగ్గరపడినప్పుడు, ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం వారంలో చేసిన ఖర్చుకు ఫలితం కనిపిస్తుంది.

జవాబు 2 (రాసినవారు: మంగళగిరి నేతగాడు)

పై సలహాలో చాలావరకు నాకు సమ్మతమే, ముందస్తు బుకింగ్ దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త అవసరం. వానాకాలంలో రంగు వేసిన నూలు ఆరదు, గుంట మగ్గంలోకి నీరు ఊరితే నేత ఆగిపోతుంది. పట్నంలో కూర్చున్నవారికి ఇవన్నీ తెలియవు. ఇరవయ్యో తేదీ అన్నామంటే ఇరవై ఒకటిన ఫోన్ వస్తుంది. తేదీ చెప్పేటప్పుడు వానలకు కూడా చోటు వదిలి చెప్పండి. పూర్తి డబ్బు తీసుకోకుండా కొంత బయానా మాత్రమే తీసుకుంటే ఇద్దరికీ మంచిది.

ప్రింట్ చీర పంపి ధర అడిగేవారితో వాదనకు దిగవద్దు. వారికోసం ఒకే ఒక వీడియో తీసి పేజీ పైభాగాన పిన్ చేయండి. ప్రింట్ చీరను, మీ చీరను పక్కపక్కన పరిచి రెండింటినీ తిరగేసి చూపండి. మామూలు ప్రింట్‌లో వెనకవైపు రంగు వెలిసినట్టుంటుంది. ఇక్కత్‌లో ముందు దారానికే రంగు పట్టించి నేస్తారు కనుక రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది. తరువాత కెమెరాను దగ్గరకు తెచ్చి, బొమ్మ చివర్లు గీత గీసినట్టు కాకుండా కొద్దిగా చెదిరినట్టు ఎందుకు ఉంటాయో చెప్పండి. చీర అంచుల వెంబడి ఉండే సన్నని రంధ్రాలను కూడా చూపండి: బట్ట వెడల్పు కుంచించుకుపోకుండా మగ్గం మీద బిగించే బద్దకున్న సూదులు దిగిన గుర్తులవి. వాటిని చూసి చీర పాడైందని వాపసు పంపేవారు కూడా ఉన్నారు కనుక ముందే చెప్పడం మేలు. చేనేత గుర్తు (హ్యాండ్లూమ్ మార్క్), అసలైన పట్టు అని తెలిపే సిల్క్ మార్క్ లేబుళ్లుంటే అవి కూడా వీడియోలో కనిపించాలి.

ఇంకొకటి, ఫిల్టర్లు వాడవద్దు. ఉదయం పూట వాకిలి దగ్గర, నేరుగా ఎండ పడని చోట తీయండి. మెరూన్ రంగు ఫోన్‌లో ఎరుపుగా కనిపిస్తే వచ్చే గొడవ అంతా ఇంతా కాదు.

జవాబు 3 (రాసినవారు: న్యూజెర్సీ నుంచి ఒక కొనుగోలుదారు)

నేను ఇలాంటి పేజీల నుంచి తరచూ కొంటూ ఉంటాను కనుక, మేము ఎక్కడ ఆగిపోతామో చెబుతాను. జాకెట్టు ముక్క చీరతో పాటు వస్తుందా, కొంగు పూర్తిగా పరిస్తే ఎలా ఉంటుంది, పడుగు, పేక (అడ్డ దారం) రెండూ పట్టేనా లేక ఒకటి నూలా అన్నవి పోస్టులో ఉండవు. అడిగితే జవాబు రెండు రోజులకు వస్తుంది, అప్పటికి మనసు మారిపోతుంది. మీరు రాత్రంతా మేలుకోనక్కర లేదు. మీ సమయం ప్రకారం ఏ గంటల్లో జవాబిస్తారో ప్రొఫైల్‌లో రాస్తే చాలు, మేమే సర్దుకుంటాం. 

అమెరికాకు పంపేటట్లయితే మరో విషయం గుర్తుంచుకోండి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఇక్కడ ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు. సుంకం ఎవరు కట్టుకోవాలో డబ్బు తీసుకునే ముందే తేల్చుకోకపోతే, పార్సిల్ గుమ్మం దాకా వచ్చాక తగాదా మొదలవుతుంది.

మా స్నేహితురాళ్ల మధ్య చీరల మాట సాగేది పేజీల్లో కాదు, వాట్సాప్ గ్రూపుల్లో. ఒకరు పెళ్లికి కట్టుకుని ఫొటో పెడితే, ఎక్కడ కొన్నావని పదిమంది అడుగుతారు. కొన్నవారిని కట్టుకున్న ఫొటో పంపమని అడగండి, వారు ఒప్పుకుంటేనే పేజీలో పెట్టండి.

జవాబు 4 (రాసినవారు: బ్యాంకు ఉద్యోగి)

నేను రెండే మాటలు చెబుతాను. డబ్బు పంపామంటూ స్క్రీన్‌షాట్ చూపినంత మాత్రాన చీర కట్టి పంపవద్దు, ఖాతాలో జమ అయిందో లేదో చూసుకోండి. మీకు డబ్బు రావాలంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమని ఎవరైనా చెబితే అది మోసమే. యూపీఐ పిన్ అవసరమయ్యేది డబ్బు తీసుకోవడానికి కాదు, పంపడానికి. ఏజెన్సీకి పని అప్పగించినా పేజీకి సంబంధించిన ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవే ఉండాలి, రెండంచెల ధ్రువీకరణ కూడా పెట్టుకోవాలి. లేకపోతే వారితో చెడిన రోజున పేజీ మీ చేతిలో ఉండదు.

మళ్లీ ప్రశ్న (చేనేత ఇంటికోడలు)

అందరికీ కృతజ్ఞతలు. ఏజెన్సీ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టి, ధరలు రాయడం, తిరగేసి చూపే వీడియో తీయడం ఈ వారమే మొదలుపెడతాను. మంగళగిరి అన్నగారిని ఒక్క విషయం అడగాలి. కూలికి నేసే మగ్గం మీద ఇప్పుడు చాలా అందమైన డిజైన్ ఉంది. అది మాస్టర్ వీవర్‌ది. అమ్మకానికి కాకపోయినా, మా పనితనం తెలిసేలా దాన్ని పేజీలో చూపవచ్చా?

జవాబు (మంగళగిరి నేతగాడు)

చూపవద్దు చెల్లెమ్మా. ఆయన ఆ చీరను మార్కెట్లోకి తేకముందే మీ పేజీలో కనిపిస్తే, దాన్ని చూసి వారం తిరగకుండా ప్రింట్ కొట్టించేవారున్నారు. మాట మీ ఇంటి మీదికే వస్తుంది. మగ్గం, చేతులు, కండెలు, రంగు తొట్లు ఎన్నయినా చూపండి, డిజైన్ పూర్తిగా కనిపించకుండా తీయండి. పేజీలో మీ పేరు నిలవాలంటే మామయ్యగారితో మాట్లాడి రెండో మగ్గానికి మీ ఇంటిదే అయిన ఒక నమూనా వేయించుకోండి. తరువాతి పడుగు ఎక్కేలోపు గ్రాఫ్ (గళ్ల కాగితం మీద గీసిన నమూనా) సిద్ధమైతే, మొదటి బుకింగ్ దానితోనే తెరవవచ్చు.