‘ద టూ టవర్స్’: ఆ రెండు టవర్లు ఏవి? పోస్టర్ మీద ఏవి గీయాలి?

బైరాగిపట్టెడ బుక్స్
ఆదివారం తిరుపతిలో మన చదువరుల కూటమి ఉంది. ఈసారి పుస్తకం టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రెండో సంపుటం, ‘ద టూ టవర్స్’. 6×4 ఫ్లెక్స్ కొట్టించాలి, చెరో పక్క ఒక్కో టవరు. ఒకటి మాంత్రికుడు సరుమాన్ ఉండే ఆర్థాంక్, దాంట్లో ఎవరికీ పేచీ లేదు. రెండోది కథలో అసలు శత్రువు సౌరాన్ కోట బరద్-దూరా, అతని దేశం మోర్డార్ సరిహద్దులోని మినాస్ మోర్గులా, కిరిత్ ఉంగోల్ టవరా? గ్రూపులో ఎవరి మాట వాళ్లదే. శుక్రవారంలోపు తేల్చండి, డిజైనర్ ఫోను మీద ఫోను చేస్తా ఉండాడు.

పుత్తూరు పిల్లోడు
దీంట్లో తేల్చేదేముందన్నా? 2002 సినిమాలో సరుమానే చెప్తాడు కదా, ఆర్థాంకూ బరద్-దూరూ ఒకటైతే ఎదురు నిలిచేదెవరని. పుస్తకంలోనూ ఆధారం ఉండాది. మూడో పుస్తకం, అంటే ఈ సంపుటంలో మొదటి సగం, ఎనిమిదో అధ్యాయం తీయండి. ఆర్థాంక్ ఉండే ఐసెన్‌గార్డ్‌ను తానే గొప్పగా మార్చుకున్నానని సరుమాన్ మురిసిపోతా ఉంటే, అదంతా బరద్-దూర్‌కు చిన్న నకలు, పిల్లోళ్ల బొమ్మ లాంటిదని రచయితే తేల్చేస్తాడు. అసలునూ నకలునూ ఎదురెదురుగా పెడితే ఆ పేరుకు అర్థం వస్తాది. పోస్టర్ చూసేవాళ్లు గుర్తుపట్టేదీ దాన్నే.

లలిత, చిత్తూరు
సినిమాను పక్కన పెట్టు తమ్ముడూ. మినాస్ మోర్గుల్‌నూ షీలాబ్ అనే రాక్షస సాలీడు గుహనూ 2003లో వచ్చిన మూడో భాగానికి జరిపేశారు. ఇక రెండో సినిమా పేరు నిలబడాలంటే బరద్-దూర్‌ను పట్టుకోక తప్పలేదు. ఈ సంపుటంలో రెండో సగమైన నాలుగో పుస్తకంలో పది అధ్యాయాలున్నాయి, ఉంగరం మోసుకుపోయే ఫ్రోడో బృందం ఒక్కదాంట్లోనైనా బరద్-దూర్ దరిదాపులకు పోయిందా?

నీ దగ్గర మూడు సంపుటాల సెట్టు ఉంటే మొదటి సంపుటం కథ ముగిసిన పేజీ తెరిచి చూడు. అక్కడ చిన్న గమనిక ఉంటుంది. రెండో భాగంలో జరిగేదంతా సరుమాన్ కోట ఆర్థాంక్ నీడలోనూ, మోర్డార్ రహస్య ద్వారాన్ని కాపలా కాసే మినాస్ మోర్గుల్ నీడలోనూ నడుస్తుంది కాబట్టి ఆ పేరు పెట్టామని దాని సారం. ఒకే బైండింగులో వచ్చే లావు పుస్తకాల్లో కథ ఆగకుండా తర్వాతి భాగంలోకి పోతుంది కాబట్టి ఆ గమనిక సాధారణంగా ఉండదు. అవి చదివినవాళ్లకూ, సినిమా చూసినవాళ్లకూ బరద్-దూర్ తోచడంలో వింత లేదు.

శేషాచలం సార్
గమనిక ఒక్కటే చూస్తే చాలదమ్మా, ఉత్తరాలు కూడా చూడాలి. టోల్కీన్ రాసింది ఆరు పుస్తకాలుగా విడదీసిన ఒకే నవల. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి రోజుల్లో కాగితం ఖర్చుకు భయపడి ప్రచురణకర్తలు దాన్ని మూడు ముక్కలు చేశారు. మధ్య ముక్కలో మూడో పుస్తకం, నాలుగో పుస్తకం పడ్డాయి. ఒకదాంట్లో అరగార్న్, గాండాల్ఫ్, మెర్రీ, పిప్పిన్. ఇంకోదాంట్లో ఫ్రోడో, శామ్, గొల్లుమ్. ఈ జట్టు ఆ జట్టును కలవనే కలవదు. రెంటికీ కలిపి ఒక పేరు కావాలి, దొరికింది ఇది.

1953 ఆగస్టు 17న ప్రచురణకర్త రేనర్ అన్విన్‌కు రాసిన ఉత్తరంలో టోల్కీన్ ఈ పేరును కావాలనే తేల్చకుండా వదిలేయవచ్చని అంటాడు. ఐసెన్‌గార్డ్–బరద్-దూర్ కావచ్చు, మినాస్ తిరిత్ (సౌరాన్‌ను ఎదిరించే గాండార్ రాజధాని)–బరద్-దూర్ కావచ్చు, ఐసెన్‌గార్డ్–కిరిత్ ఉంగోల్ కావచ్చు. 1954 జనవరి 22 నాటికి మాట మారింది. పేరు తనకేమీ నచ్చలేదనీ, ఈ సంపుటానికి నిజంగా అన్వయించాలంటే ఆర్థాంక్, కిరిత్ ఉంగోల్ టవరే కావాలనీ రాశాడు. కథలో అసలు పోటీ బరద్-దూర్‌కూ మినాస్ తిరిత్‌కూ మధ్య కాబట్టి పాఠకుడు పొరబడతాడన్నది ఆయన బెంగ.

నా ఓటు కిరిత్ ఉంగోల్‌కే. సంపుటం ఆఖరి పేజీలో శామ్ ఎక్కడ పడి ఉన్నాడు? ఫ్రోడోను సౌరాన్ సైనికులు ఓర్క్‌లు మోసుకుపోయాక మూసుకున్న తలుపు ముందు. అది కిరిత్ ఉంగోల్ కింది ద్వారం. మోర్గుల్ పక్కన దారి మలుపు, అంతే.

లలిత, చిత్తూరు
సార్, తేదీల వరసలోనే జవాబుంది. మీరు చెప్పిన రెండో ఉత్తరం 1954 జనవరిది. గమనిక అచ్చయిన మొదటి సంపుటం 1954 జులై 29న వచ్చింది. రెండో సంపుటం నవంబరు 11న. అచ్చులో నిలిచిన ఆఖరి మాట మోర్గులే. పైగా రెండో సంపుటం అట్ట కోసం టోల్కీన్ సొంతంగా గీసిన బొమ్మ ఉంది: పక్కన తెల్లచేయి గుర్తుతో నల్ల ఆర్థాంక్, పైన సన్నని క్షీణ చంద్రుడితో తెల్ల మోర్గుల్, నడుమ ఎగిరే నజ్‌గూల్, అంటే సౌరాన్ సేవకుడు. 1954లో మూడు సంపుటాలకూ ఉంగరం–కన్ను బొమ్మే వేశారు గాబట్టి ఇది అప్పట్లో బయటికి రాలేదు.

మోర్గుల్ దారి మలుపేమీ కాదు. నాలుగో పుస్తకం ఎనిమిదో అధ్యాయంలో యుద్ధానికి సేన బయల్దేరేది దాని ద్వారం నుంచే. ఇంకో సంగతి చూడండి. ఆర్థాంకూ, మోర్గులూ రెండూ శత్రువు కట్టినవి కావు, న్యూమెనార్ ద్వీపం నుంచి వచ్చి గాండార్‌ను నెలకొల్పినవాళ్లు కట్టినవి. ఒకదాన్ని నజ్‌గూల్ ముట్టడించి లాక్కున్నారు, ఇంకోదానికి తాళాలు నమ్మి సరుమాన్ చేతికిచ్చారు. సౌరాన్ చేతికి చిక్కిన పలాంతీర్, అంటే దూరాన్ని చూపే రాయి, కూడా ఈ మోర్గుల్‌దే. ఆ రాయి గుండానే అతను ఆర్థాంక్‌లోని సరుమాన్‌ను లొంగదీశాడు. ఈ రెండు టవర్ల మధ్య తీగ కథలోనే ఉంది, మనం అల్లాల్సిన పని లేదు.

పుత్తూరు పిల్లోడు
ఆ రాయి ఇప్పుడు యాడుండాదక్కా? బరద్-దూర్‌లో! మూడో పుస్తకం ఆఖరి అధ్యాయంలో పిప్పిన్ దాంట్లోకి తొంగి చూస్తే కనపడిన సౌరాన్ కూడా మోర్గుల్‌లో లేడు. నువ్వు చెప్పిన తీగ తిన్నగా మా టవరుకే వస్తా ఉండాది.

శేషాచలం సార్
ఇది గట్టి మాట. గాండార్ కట్టి పోగొట్టుకున్నదనే కొలత పెడితే కిరిత్ ఉంగోల్ కూడా వాళ్లు కట్టిందే, మోర్డార్ మీద నిఘాకు. కాబట్టి లలితమ్మ వాదంలో ఆ ముక్క నాకూ పనికొస్తుంది. కాకపోతే పోస్టర్‌కు రచయిత గీసిన బొమ్మ ఉన్నప్పుడు దాన్ని కాదనను. పేరు అర్థం మాత్రం ఆయనే రెండు మూడు రకాలుగా చెప్పాడు, నా ఓటు కదలదు.

బైరాగిపట్టెడ బుక్స్
అయితే ఆర్థాంక్, మోర్గుల్. డిజైనర్‌కు చెప్పాల్సినవి ఎవరన్నా రాయండి.

లలిత, చిత్తూరు
ఆర్థాంక్ గుండ్రంగా గీయొద్దు. చాలా పలకలున్న స్తంభాలు నాలుగు ఒకటిగా అతుక్కుని, పైన కొమ్ముల్లా విచ్చుకుంటాయి, నడుమ చదునైన వేదిక. ఎత్తు 500 అడుగులు. శ్రీకాళహస్తిలో 2010లో కూలిపోయిన పాత రాజగోపురం 120 అడుగులు, దానికి నాలుగింతలు పైనే. ఫ్లెక్స్ మీద టవరు 3 అడుగులు వస్తే, కింద నిలబడిన మనిషి అర అంగుళం కూడా రాకూడదు. మనుషుల్ని పెద్దగా పెడితే టవరు నీళ్ల ట్యాంకైపోతుంది.

మోర్గుల్ వెలుతురు గ్రహణం పట్టిన చంద్రుడి కంటే పాలిపోయి ఉంటుంది, దాని పై అంతస్తు మెల్లగా అటూ ఇటూ తిరుగుతుంది. సినిమాలో మాదిరి గాఢమైన ఆకుపచ్చ వద్దు. మామూలు ఫ్లెక్స్ మిషన్లో తెల్ల ఇంకు ఉండదు, తెలుపంటే ఖాళీగా వదిలిన షీటే. కాబట్టి మోర్గుల్ వెనక ముదురు నీలం పోసి, టవరును ఖాళీగా వదిలి, అంచుల్లో పలచగా ఆకుపచ్చ చాలు. అదే నీలం ఆర్థాంక్ వెనక కూడా పోస్తే నల్ల టవరు కలిసిపోయి దూరానికి కనపడదు. అటుపక్క బూడిద రంగు ఆకాశం పెట్టమనండి.

పుత్తూరు పిల్లోడు
వెనకాల దూరంగా బరద్-దూర్, చిన్నది, బొటనవేలంత?

బైరాగిపట్టెడ బుక్స్
వద్దు తమ్ముడూ, అప్పుడు మూడు టవర్లవుతాయి. ఆదివారం మొదటి అరగంట నీకే ఇస్తాం, అక్కడ వాదించు.